కోడి కాళ్ల గజ్జి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రమును, అందు పాటుపడిన మహనీయుల సేవను స్మరించుట పరిపాటి. 1914వ సంవత్సరమున ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు బెజవాడలో తొలిసారి సమావేశమైరి. ఆ కార్యమునకు ప్రాణమై నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్యగారు ఈ గోదావరి సీమయందే, కొంకుదురున, జన్మించినవారు. ఆ పుణ్యకథ చెప్పుటకు ఈ వేదికపై సమర్థులు పలువురు కలరు. ఈ ప్రసంగమునకు విషయము మాత్రము పెరటికోడి కాలు. సరస్వతీ మందిరమున ఈ కోడి గొడవ యేమని వెనుక వరుసలోనివారు నవ్వుకొనిన నవ్వుకొనవచ్చును. అయినను ఈ గ్రామమున పుస్తకములేని యిండ్లు కొన్ని కలవేమో గాని, వేకువను కోడికూత వినబడని యిల్లు లేదు.

కోడి మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. కుమారస్వామి ధ్వజముమీద నిలిచినది కోడి. అహల్య కథలో అకాలమున కూసి గౌతముని నదికి పంపినది కోడియని మన పెద్దలు చెప్పుదురు. చాణక్యనీతియందు కోడినుండి మనుజుడు నేర్వదగిన గుణములు నాలుగు లెక్కింపబడినవి: వేకువనే మేల్కొనుట, పోరునకు వెనుదీయకుండుట, దొరికినది తనవారితో పంచుకొనుట, తన శ్రమచే సంపాదించి తినుట. వాత్స్యాయనుడు కోళ్ల పోరును అరువదినాలుగు కళలలో ఒకటిగా చేర్చెను. దండి దశకుమారచరితమున ప్రమతి కథలో నారికేళజాతి పుంజునకు, బలాకాజాతి పుంజునకు వర్తకులు పందెము కట్టుదురు. క్రీడాభిరామమున ఓరుగల్లు వినోదములలో కోడిపందెమునకు చోటు దక్కినది. పల్నాటి కథలో ఒక కోడిపోరు రెండు రాజ్యములనే తలక్రిందులు చేసినది. ఇన్ని తావుల కోడి కానవచ్చినను, అది యెల్లప్పుడును పుంజే. గుడ్లు పెట్టి పిల్లలను లేపు పెట్ట కాదు. చూపు నిలిచినదియు జుట్టుమీద, ముక్కుమీద, కత్తికట్టిన కాలిమీద. కాలి పొలుసుమీద కాదు. మన పెరళ్లలో జరుగుచున్నదియు ఇంచుమించుగా అదియే. కోడి పుష్టిని మెడపట్టి, రొమ్ము తడిమి చూతుము. మోకాలి క్రింద ఏమున్నదో చూడము.

చూడకపోవుటచేత కలుగు నష్టమెట్టిదో తెలియుటకు ఒక యింటి సంగతి చాలును. లంకను ఆనుకొనిన ఒక పల్లెయందు ఒక వితంతువునకు ఐదు పెట్టలు, ఒక పుంజు ఉండెను. వానిలో నల్లపెట్ట మూడేండ్లది. పొదిగించిన ప్రతిసారియు పది పిల్లలకు తక్కువ కాకుండ లేపెడిది. మనుమని బడి పుస్తకములు ఆ పెట్ట గుడ్లమీదనే వచ్చెడివి. అట్టి పెట్ట ఒక వర్షకాలమునాటికి అడుగులు బిగబట్టి వేయసాగినది. రాత్రి గూటికర్ర యెక్కలేక నేలనే ఒదిగి కూర్చుండెడిది. కాళ్లు లావెక్కి, సున్నపు పెచ్చులు కట్టినట్లు తెల్లబడినవి. పొరుగింటి కోడలు చూచి, “దొడ్డమ్మా, దాని పని అయిపోయింది. ముసలిదైపోయింది. సంతకి పంపెయ్యి, ఎంతొస్తే అంతే” అన్నది. “అంతేనంటావా అమ్మాయ్?” అని ఆమె ఒక ఆదివారము సంతలో పెట్టను కారుచౌకకు అమ్మినది. ఆరు నెలలు గడచుసరికి ఆ పెట్ట రెక్కలక్రింద పెరిగిన రెండు పడుచు పెట్టలకును, వానితోడి పుంజునకును అవే పెచ్చులు పుట్టినవి. ఏడాది నిండని పెట్టకు ముసలితనమేమి? ఆమె కోడిని అమ్మినది గాని, తెగులును ఇంటనే ఉంచుకొనినది.

ఆ తెగులు వార్ధక్యము కాదు, శాపము కాదు, మట్టి కాదు. అది గజ్జి. మనుష్యునకు గజ్జి కలిగించు సూక్ష్మజీవికి జ్ఞాతియైన మరియొక జీవి కోడి కాలి పొలుసుల క్రింద చేరి సొరంగములు త్రవ్వుటచేత ఇది పుట్టును. రైతులు వరిపైరును, మిరపను పట్టు సన్నని పురుగులను నల్లి యందురు. ఇదియు ఆ నల్లిజాతిలోనిదే. మంచములలోని నల్లి వేరు, అది కీటకము. ఇది సాలెపురుగునకు చుట్టము; పెరిగిన పిదప ఎనిమిది కాళ్లుండును. దీని పొడవు అర మిల్లీమీటరును మించదు. బంతివలె గుండ్రని దేహము, మొద్దుబారిన పొట్టి కాళ్లు. రోబెన్, లాంక్వెతెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1859లో దీనిని వర్ణించిరి. దీని శాస్త్రనామము నెమిడోకాప్టెస్ మ్యూటాన్స్. అందలి మొదటి మాట గ్రీకుభాషనుండి పుట్టినది. పిక్కను కోయునది యని దాని తాత్పర్యము. మనుష్యుని గజ్జిపురుగు పేరు సార్కాప్టెస్, అనగా మాంసమును కోయునది. నామకరణమున ఇంతటి యథార్థత మన నిఘంటువులలోనే అరుదు.

కోనసీమ సోదరులకు ఇట్టి నల్లి గుణము వేరుగ చెప్పనక్కరలేదు. 1998లో కేరళమున బయల్పడి, పిమ్మట మన తోటలకును ప్రాకిన కొబ్బరినల్లి యెక్కడ దాగును? పిందె ముచ్చిక క్రింద, మన కంటికి, మందుకు అందని చోట. పైకి కనబడునది నల్లి కాదు. అది చేసిన గాయపు మచ్చ. కోడి కాలియందును అదే విధము. పైపొలుసులు దానికి ఇంటికప్పు. ఆ కప్పు క్రింద తినుట, త్రవ్వుట, సంతానమును కనుట యన్నియు జరుగును. ఈ నల్లి గ్రుడ్లు పెట్టదు. ఆరుకాళ్ల పిల్లలనే కనును. ఆ పిల్లలు పెరిగి మరల కనుటకు రెండు మూడు వారములు పట్టును. దీని జీవితమంతయు కోడి కాలిమీదనే గడచును. ఈ రెండు సంగతులను గుర్తుంచుకొనినవారికి చికిత్స యెందుకట్లు చేయవలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక గుర్తించు విధము. పగలు కోళ్లవెంట పరుగెత్తి పట్టుట వృథాశ్రమ. అవి బెదరును, మనుష్యుడు అలయును. చీకటిపడి గూటికి చేరిన పిదప టార్చిలైటుతో ఒక్కొక్క కోడిని నెమ్మదిగా తీసి, చంకలో ఇముడ్చుకొని కాలు చూడవలెను. ఆరోగ్యముగల కాలిపై పొలుసులు పెంకుటింటి కప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి చక్కగా అమరి, నున్నగా, కొంచెము మెరయుచుండును. వ్రేలితో పైనుండి క్రిందికి నిమిరిన జారిపోవును. తెగులు సోకిన కాలిపై అక్కడక్కడ పొలుసు లేచి, అంచుల క్రింద గోధుమపిండి వంటి తెల్లని పొడి కనబడును. తొలుత ఇది వ్రేళ్లమీది చిన్న పొలుసులయందును, వ్రేళ్లు కాలితో కలియు చోటను మొదలై పైకి ప్రాకును. సాధారణముగా రెండు కాళ్లకును వచ్చును. కొన్ని నెలలు అశ్రద్ధ చేసినచో పొడి పెచ్చులై, పెచ్చులు గడ్డలై, కాలు రెట్టింపు లావగును. కోడి తన కాళ్లను తానే పొడుచుకొనును. నిలుచున్నచోట కాళ్లు మార్చి మార్చి ఎత్తును. పుంజు పెట్టపై నిలువజాలదు. తుదకు వ్రేళ్లు వంకరలు పోవును, గోళ్లు ఊడును, ఒక్కొక్కపుడు వ్రేలే రాలిపోవును. తిరిగి గింజలేరుకొనలేని కోడి చిక్కి, గుడ్లు మాని, ఆకలిచే చచ్చును. నల్లి నేరుగ చంపదు. నడకను హరించి చంపును.

కాలి రంగులో భేదమునుబట్టి తీర్పు చెప్పరాదు. పచ్చని కాళ్లుగల పెట్ట వరుసగా గుడ్లు పెట్టునపుడు కాళ్లు పాలిపోవుట సహజము. మేతలోని పసుపు వర్ణము కాలికి పోక గుడ్డుసొనకు పోవును. అది మంచి పెట్టకు గుర్తేకాని తెగులు కాదు. వయసుమీరిన కోడి పొలుసులు మోటుగా, గరుకుగా ఉండవచ్చును, కాని అంటుకొనియే ఉండును, పొడి రాలదు. వరిచేల బురద తెల్లగా ఎండి అంటుకొనినచో నీటితో పోవును, గజ్జిపెచ్చు పోదు. అరికాలి నడుమ వేడిగా వాచి నల్లని పెచ్చు కట్టినది అరికాలి పుండు. అది ముల్లో, గాజుపెంకో గ్రుచ్చుకొని చీముపట్టుటవలన కలుగునది, సామాన్యముగా ఒక కాలికే వచ్చును. జుట్టు, ముఖములపై పొక్కులున్నచో కోడి మశూచి. చేపలు పట్టువారి వాడలలో మరియొక సంగతి తరచు కనబడును: నైలాను వలదారము కాలికి చుట్టుకొని, దానికి దిగువ వ్రేళ్లు ఉబ్బును. దారము కత్తిరించిన చాలును. అచట గజ్జిమందు రాయుట వెఱ్ఱితనము.

కడక్‌నాథ్ కోళ్లను ఇటీవల మన జిల్లాలలోను కొందరు పెంచుచున్నారు. మధ్యప్రదేశమందలి ఝాబువా ప్రాంతపు జాతి యిది. 2018లో దీని మాంసమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. దాని కాళ్లు నల్లనివి కావున తెల్లపెచ్చు వెంటనే కనబడును. పచ్చకాళ్ల నాటుకోడియందును, వనరాజ, గ్రామప్రియ కోళ్లయందును చూపు నిలిపి చూచినగాని తొలిదశ తెలియదు. బ్రహ్మ, కొచ్చిన్ మొదలగు సీమకోళ్లకు కాళ్లపై ఈకలుండును. అవి చూచుటకు అందమేకాని, ఈ నల్లికి అంతకు మించిన చాటు దొరకదు.

చికిత్సకు కావలసిన సామగ్రి ఖరీదైనది కాదు. గోరువెచ్చని నీరు, కుంకుడురసము లేక సబ్బు, మెత్తబడిన పాత పళ్లబ్రష్షు, పొడిగుడ్డ, కొబ్బరినూనె లేక ఆముదము. వేసెలైన్ దొరికినచో మరింత మంచిది. నూనెవలె త్వరగా ఇంకక చిరకాలము అంటియుండును. సాయంకాలమున కోడిని గుడ్డతో రెక్కలు కదలకుండ చుట్టి ఒడిలో ఉంచుకొని, మణికట్టు ఓర్చుకొను వేడిగల నీటిలో కాళ్లను పదినిమిషములు నాననీయవలెను. పెచ్చులు మెత్తబడును. అపుడు బ్రష్షుతో పైనుండి క్రిందికి, పొలుసు వాలుననుసరించి, మృదువుగా తోమవలెను. ఎదురు తోమరాదు. రాలినంత రాలనిండు. రాలని పెచ్చును గోటితో పెకలింపబోయినచో పొలుసుతోపాటు చర్మము చిరిగి రక్తము కారును. ఆ రక్తమును చూచి తక్కిన కోళ్లు పొడుచును. ఈ తొందరపాటువలన గజ్జికన్న పెద్ద గాయమైన కోళ్లు ఎన్నో కలవు. తోమిన పిదప బాగుగ తుడిచి, ఆరనిచ్చి, మోకాలినుండి గోళ్లవరకు, వ్రేళ్ల సందులతోసహా, నూనెనో వేసెలైన్‌నో దట్టముగా పట్టింపవలెను.

నూనె ఎట్లు పనిచేయును? ఈ నల్లికి ఊపిరితిత్తులు లేవు, కీటకములకువలె ప్రక్కల గాలిరంధ్రములును లేవు. చర్మముతోడనే గాలి పీల్చును. ఆ చర్మమును జిడ్డు కప్పినచో ఊపిరాడక చచ్చును. కాని జిడ్డు ఒక్కనాటితోనే ప్రతి సొరంగములోనికి చేరదు. నేడు తప్పించుకొనినవి రేపు పిల్లలను కనును. కావుననే ఒకసారి రాసి, “నూనె రాశామండీ, ఏమీ గుణం లేదు” అని విడిచిపెట్టువారికి ఫలము దక్కదు. మొదటి వారము దినము విడిచి దినము రాయవలెను. తరువాత వారమునకు రెండుసార్లు చొప్పున కనీసము ఇంకొక నాలుగు వారములు సాగింపవలెను. నల్లి తరము రెండు మూడు వారములు గదా. రెండు తరములు దాటువరకు పట్టువిడువరాదు. లెక్క తప్పకుండుటకు గూటితలుపుపై సుద్దతో దినమునకొక గీత గీసికొనిన చాలును. పొలుసులు మాత్రము వెంటనే పూర్వపు సొగసునకు రావు. నల్లి చచ్చినను లేచిన పొలుసు లేచియే ఉండును. అది రాలి క్రొత్తది వచ్చుటకు నెలలు పట్టును. క్రొత్త పొడి పుట్టకుండుటయు, కోడి నడక తిన్నబడుటయు గుణమునకు గుర్తులు.

పొదుగుపెట్ట విషయమున ఒక జాగ్రత్త అత్యవసరము. గుడ్డు పెంకునకు కంటికి కానరాని వేలకొలది రంధ్రములు కలవు; లోపలి పిల్ల వానిద్వారమున గాలి పీల్చును. నూనెకాళ్లతో పెట్ట గుడ్లపై కూర్చున్నచో ఆ రంధ్రములు పూడి, పిల్లలు గుడ్లలోనే నశించును. నల్లిని చంపిన జిడ్డే పిల్లను చంపును. కావున పెట్టను పొదిగింపకమునుపే కాళ్లు చూచి, తెగులున్నచో పూర్తిగా మాన్పి, కాళ్లు కడిగి తుడిచి, పిమ్మటనే గుడ్లమీద కూర్చుండబెట్టవలెను. పొదుగుచుండగా తెగులు కనబడినచో ఆ ఇరువదియొక్క దినములు ఆగక తప్పదు. పిల్లలు లేచిన పిదప తల్లికి చికిత్స చేయుచు, పిల్లల కాళ్లను వారమునకొకసారి చూచుకొనవలెను. రాత్రులు తల్లి కడుపుక్రింద ఒదుగు పిల్లలకు తెగులు సోకు త్రోవ అదియే.

కఠినమందులను గూర్చి రెండు మాటలు. పూర్వపు ఆంగ్ల కోళ్ల పుస్తకములు కొన్నింట కాళ్లను కిరసనాయిలులో ముంచుమని వ్రాసియున్నది. పుస్తకమున నున్నంత మాత్రమున ప్రతిమాటయు వేదము కాదని గ్రంథాలయమునందే చెప్పుట ఉచితము. కిరసనాయిలు నల్లిని చంపునుగాని చర్మమునుగూడ కాల్చును. ఈకలకు, కంటికి తగిలినచో బాధ చెప్పనలవికాదు. ట్రాక్టరునుండి తీసిన కాలిన నూనె అంతకన్న చెడ్డది. అన్నిటికన్న ప్రమాదకరము వరిచేలపై కొట్టు పురుగుమందును కోళ్లపై చల్లుట. డెల్టాలో ఆ సీసా ప్రతి కొట్టుగదిలోను ఉండును. చేయి మొదట దానిమీదికే పోవును. కోడి తన కాళ్లను ముక్కుతో దువ్వుకొనును. ఆ విషము దాని కడుపులోనికి, అచటినుండి గుడ్డులోనికి, అచటినుండి బిడ్డ కంచములోనికి నడచును.

తెగులు ముదిరి, నూనెకు లొంగనపుడు గంధకపు లేపనము పాతకాలమునుండి వాడుకలో నున్నది. తొమ్మిది పాళ్లు వేసెలైన్‌లో ఒక పాలు మెత్తని గంధకపు పొడి కలుపుదురు. కంటికి తగులనీయరాదు, పొడిని పీల్చరాదు. అంతకు మించిన స్థితిలో పశువైద్యుని ఆశ్రయింపవలెను. ఐవర్‌మెక్టిన్ అను మందు ఈ నల్లిపై బాగుగ పనిచేయును. దీనికి మూలపదార్థము జపానుదేశపు మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించినది. ఆ పరిశోధనకు సతోషి ఒమురా, విలియం కాంప్‌బెల్ అనువారలకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. అంతటి మందైనను, ఆవునకు తెచ్చిన సీసానుండి కోడికి చుక్కలు లెక్కపెట్టి పోయుట తగదు. కోడి బరువెంత, మందు బలమెంత అను లెక్క వైద్యునిది. అది వాడిన కోడి గుడ్లను, మాంసమును ఎన్ని దినములు తినరాదో వైద్యునే అడిగి తెలిసికొని, అన్ని దినములును విడువవలెను, అమ్మనుగూడ అమ్మరాదు.

ఒక కోడికి చికిత్స చేసి తక్కినవానిని చూడకుండుట కుండకు చిల్లుంచి నీరు పోయుట వంటిది. పెచ్చు కనబడినను కనబడకున్నను ఇంటిలోని కోళ్లన్నిటికిని ఒకేమారు నూనె పట్టింపవలెను. గూటిలోని పాత గడ్డిని తీసి కాల్చి, కర్రలను సబ్బునీటితో తోమి ఎండబెట్టి, సందులలో నూనె రాయవలెను. కోడికి దూరమైన ఈ నల్లి చాలకాలము బ్రతుకదు. అయినను రాలిన పెచ్చులలో కొన్నాళ్లు నిలుచును. మన సీమలో వర్షములకు, కాలువగట్ల తేమకు గూటినేల తడియకుండుట కష్టమే. ధాన్యపుమిల్లుల ఊక మాత్రము కరవు లేదు. దానిని మందముగా పరచి, తడిసినపుడెల్ల మార్చుచుండిన కాళ్లు పొడిగా నుండును. రాత్రివేళ కర్రల పగుళ్లనుండి వెలువడి రక్తము త్రాగు ఎఱ్ఱనల్లి వేరు. దానికి గూటిని బాగుచేయుటే ముఖ్యము, కాళ్లకు నూనె రాసినందువలన అది పోదు. కాలిగజ్జికి కాలే ముఖ్యము.

తెగులు ఇల్లు దాటు మార్గములు రెండు కలవు. ఒకటి, పెట్టను పాలుకిచ్చుట. ఒకరి పెట్ట, మరొకరి మేపు, పిల్లలు చెరిసగము. పేదయింట కోళ్లు వృద్ధిపొందుటకు ఇంతకన్న మంచి ఏర్పాటు లేదు. పొదుగుపెట్టను ఎరువిచ్చుటయు ఇట్టిదే. పంపునపుడు పెట్ట బరువు చూతురు, గుడ్ల వాటము విచారింతురు; కాళ్లు చూచు ఆచారము మాత్రము లేదు. పుచ్చుకొనువారు దీపపు వెలుతురున కాళ్లు చూచి, ఒక పక్షము వేరుగంప క్రింద ఉంచి, నూనె పట్టించి, పిదప తమ కోళ్లలో కలుపుకొనవలెను. “నా కోడిని శంకిస్తావా వదినా” అని యిచ్చువారు నొచ్చుకొనరాదు.

రెండవది పుంజుల రాకపోకలు. జంతువులను పోరునకు పురికొల్పుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. మనువు సైతము ప్రాణులపై పందెమును సమాహ్వయమని పేర్కొని రాజు దానిని అణచవలెనని విధించెను. అయినను భీమవరము పరిసరములలో సంక్రాంతి యెట్లు గడచునో చెప్పనేల? డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల యని రంగులెంచి, కుక్కుటశాస్త్రము విప్పి, బాదంపప్పులు మేపి పెంచిన పుంజునకు కాళ్లు చూచువారున్నారు. అదే పెరటిలో గుడ్లు పెట్టి ఇంటిని నిలుపు పెట్టకు చిట్టు తవుడే మేత. దాని కాలు చూచువారు లేరు. ఇది న్యాయము కాదు. ఊరూరు తిరిగి, నలుగురి గంపలక్రింద నుండి వచ్చిన పుంజును జాతికొరకు పెట్టలలో విడుచునపుడు, దాని కాలి పొలుసులలో ఏమి వచ్చినదో చూచుట అవసరము.

ఈ తెగులు మనుష్యులకు అంటదు; దాని ఇల్లు కోడి కాలే. చికిత్స చేసినవారు చేతులు కడుగుకొనిన చాలును. అయితే నడువలేని కోడినెల్ల కాలిగజ్జి యనుకొనుటయు పొరపాటు. 2025 ఫిబ్రవరిలో తణుకు చేరువ వేల్పూరునందును, పెరవలి మండలము కానూరునందును కోళ్లకు బర్డ్‌ఫ్లూ నిర్ధారణయైనది మరువరానిది. కోళ్లు ఉన్నట్టుండి, ఒకటి వెంట నొకటిగా కూలి చచ్చుచున్నచో, మెడలు వాల్చుచున్నచో, అది బర్డ్‌ఫ్లూ కావచ్చును, కొక్కెర తెగులు కావచ్చును. వానిని ముట్టక, కోయక, కాలువలో పడవేయక వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. కాలిగజ్జి నెలలతరబడి నెమ్మదిగా వచ్చునది. తొందరపడి రాదు, తొందరపడి పోదు.

ఆ లంకపల్లె వితంతువు రెండవమారు మోసపోలేదు. పశువైద్యశాలకు పెట్టను చంకనిడుకొని పోయి, సంగతి తెలిసికొని వచ్చినది. మనుమడు గూటితలుపుపై సుద్దగీతలు గీయగా, తన తోటలోని కొబ్బరినూనెతోనే రెండు పెట్టలకు, పుంజునకు, పెచ్చులు పుట్టని తక్కినవానికిని ఆరు వారములు చికిత్స చేసినది. సంక్రాంతి దాటుసరికి పుంజు కాళ్లపై క్రొత్త పొలుసులు వచ్చినవి. రెండు పెట్టలును మరల గూటికర్ర యెక్కినవి. వానిలో ఒకదానికి ఎడమకాలి నడివ్రేలి గోరు మాత్రము పోయినది, మరల రాలేదు. దానిని ఆమె గోరులేనిదని పిలుచును. కిందటి పొదుగున అది పదకొండు పిల్లలను లేపినది.